దేవుని చిత్తము అను మాట: ఒక ఫ్రెంచి యుద్ధనినాదమును గూర్చిన తలంపులు

(శతవార్షికోత్సవ కూటములలో భాగముగా చిత్తూరులో చేసిన ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: మత్తయి 6:9-10, మత్తయి 18:10-20, అపొస్తలుల కార్యములు 21:8-14



నూరేండ్లు మనలను ఎత్తుకొని నడిపించిన దేవునికి స్తోత్రము. ఇట్టి ఉత్సవములలో కట్టిన గుడులను, పెట్టిన బడులను, మనకు ముందుగా నిద్రించిన సేవకులను జ్ఞాపకము చేసికొనుట వాడుక. అది యుక్తమే. మాకు ఇచ్చిన ఈ కొద్ది సమయములో మాత్రము ఒక్క మాటను గూర్చి మీతో ఆలోచింప గోరుచున్నాము. అది తొమ్మిది వందల ఏండ్లకు పూర్వము ఫ్రెంచివారి నోట పుట్టిన యుద్ధనినాదము. దానికిని చిత్తూరు సంఘమునకును ఏమి సంబంధమని మీరు అనుకొనవచ్చును. కొంచెము ఓపికతో వినుడి.

యౌవనుల బైబిలు తరగతిలో సంఘ చరిత్ర పాఠము జరుగుచుండగా ఒకరు ఇట్లడిగిరి: "అయ్యగారూ, సిలువ యుద్ధములకు పోయినవారు ఒక కేక వేసిరని చదివితిమి. దానిని తెలుగులో ఏమనవలెను?" రెండు మూడు మాటలే గదా, క్షణములో చెప్పవచ్చునని తోచును. కాని తెలుగులో పెట్టబోయినప్పుడు ఆ మాట మన చేతిలో నిలువదు. ఎందుకు నిలువదో చూచిన యెడల మన ప్రార్థనను గూర్చియే కొంత తెలిసికొందుము.

1. ఆ కేక పుట్టిన విధము

1095వ సంవత్సరము నవంబరు నెలలో ఫ్రాన్సు దేశమందలి క్లెర్మోను పట్టణమున రెండవ ఉర్బను పోపుగారు ఒక మహాసభ జరిపిరి. ఆయనయు ఫ్రెంచివారే. నవంబరు 27వ తేదీన ఆయన ప్రసంగించుచు, తూర్పుననున్న క్రైస్తవులకు తోడ్పడుడి, ముస్లిము ప్రభువుల చేతిలోనున్న యెరూషలేమును విడిపింపుడి అని జనులను పురికొల్పిరి. అప్పుడు జనులందరు ఏకకంఠముతో ఒక కేక వేసిరని రాబర్టు అను సన్యాసి తన చరిత్రలో వ్రాసెను. ఆయన లాటినులో వ్రాసిన మాట "దేయుస్ వుల్త్". జనులు తమ వాడుక భాషలో పలికినది "దేయుస్ లో వోల్త్" వంటి మాట. నేటి ఫ్రెంచిలో "ద్యో ల వో" అందురు. మాటకు మాట చెప్పిన యెడల, "దేవుడు దానిని కోరుచున్నాడు" అని అర్థము.

ఇక్కడ రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది: రాబర్టు ఈ చరిత్ర వ్రాసినది సభ జరిగిన సుమారు పదేండ్లకు. అప్పటికే 1099లో యెరూషలేము పట్టుబడి యుండెను. ఆ ప్రసంగమును గూర్చియే వ్రాసిన షార్త్రు ఊరి ఫుల్కరు అను మరియొక గురువు ఈ కేకను చెప్పనే లేదు. అటు తరువాత దక్షిణ ఇటలీలో బోహెమండు అను ప్రభువు, దారిని పోవు సైన్యము వేయుచున్న కేక యేమని విచారింపగా, ఈ మాటయే చెప్పిరని వేరొక చరిత్రకారుడు వ్రాసెను. కాబట్టి ఆ సేనలో ఈ కేక వాడుకలో నున్నదనుట నిజము. అయితే సభలో అది ఆకాశమునుండి దిగినట్లు ఒక్కసారిగా పుట్టెనని చెప్పినవారు, గెలుపు తరువాత వెనుకకు తిరిగి చూచి చెప్పినవారు. గెలిచినవానికి తన దారి అంతయు దేవుడు గీచిన గీతవలె కనబడును.

రెండవది: రాబర్టు వ్రాసినదానిని బట్టి, పోపుగారు ఆ కేకను విని మత్తయి 18:20ని ఎత్తి చెప్పిరి. తన నామమున ఇద్దరు ముగ్గురు కూడినచోట ప్రభువు వారి మధ్యనున్నాడు గదా. ఇంతమంది ఒకే మాట పలుకుట దేవుడు పలికించినందుననే. కాబట్టి యుద్ధములో ఇదే మీ కేకగా నుండనిండు అని చెప్పిరట. ఈ వాక్యమును మనస్సులో నుంచుకొనుడి. దీనియొద్దకు మరల వచ్చెదము.

2. తెలుగులో పెట్టి చూచినప్పుడు

"దేవుడు కోరుచున్నాడు" అందుమా? కోరిక అనునది కొదువ గలవానికి కలుగును. లేనిదానిని మనుష్యుడు కోరును. సర్వసంపూర్ణుడైన దేవునికి ఆ మాట కొంత ఇరుకుగా నున్నది.

"దేవుని ఇష్టము" అందుమా? మన వీధులలో "నా ఇష్టము, నీకెందుకు?" అనుట వినుచున్నాము. ఇష్టము తేలికయైన మాటయైపోయినది. "దేవుని సంకల్పము" అందుమా? అది గంభీరమైన మాటయే గాని, గుఱ్ఱముమీద దూకుచు ఎవడును సంకల్పమని కేకవేయడు. "దేవుని ఆజ్ఞ" అందుమా? ఆజ్ఞయైన యెడల ఏ గ్రంథములో, ఏ అధ్యాయములో ఉన్నదో చూపుమని అడుగవచ్చును. వారు చూపలేకపోవుదురు.

మిగిలినది మన తెలుగు బైబిలులోని మాట: చిత్తము. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము ప్రతిదినము పలుకు మాట ఇదే. మన పొరుగు తమిళ సహోదరులును ఆ ప్రార్థనలో "సిత్తం" అనియే పలుకుదురు. చిత్తూరువారమైన మన చెవులకు రెండును పరిచయమే.

ఈ చిత్తము అను మాటలో ఒక విశేషమున్నది. అది తలంపునకును, ఇష్టమునకును పేరు. అంతేగాక పూర్వము దొర పిలిచి పని చెప్పినప్పుడు సేవకుడు ఇచ్చు ప్రత్యుత్తరము కూడ "చిత్తము" అనియే. "మీ తలంపు ఎట్లో అట్లే, నేను సిద్ధము" అని దాని భావము. మనవి వ్రాసికొనువాడు చివర "తమరు చిత్తగింపవలెను" అని వ్రాసెడివాడు. కాబట్టి తెలుగులో చిత్తము వంగిన తలతో పలుకు మాట. చేతులు కట్టుకొని పలుకు మాట. కత్తి దూసి "చిత్తము!" అని ఎవడైన అరచిన యెడల, దొర ఎవరో సేవకుడెవరో తెలియకుండ పోవును.

అందుచేతనే ఆ కేక తెలుగులో నిలువదని చెప్పితిమి. భాష చాలక కాదు. మన భాష ఆ మాటను సేవకుని నోటిలో ఉంచినది. ఆ కేక దానిని యజమానుని నోటిలో పెట్టినది.

3. "దానిని" అను చిన్న మాట

ఆ ఫ్రెంచి కేకలో మూడు మాటలున్నవి. మొదటిది దేవుడు. చివరిది కోరుచున్నాడు. నడుమనున్నది "దానిని" అను చిన్న మాట. లాటినులో వ్రాసిన పండితుడు దానిని విడిచిపెట్టెను. జనుల నోట మాత్రము అది నిలిచెను. మా తలంపులో ఆ కేకయొక్క చిక్కు అంతయు ఆ నడిమి మాటలోనే యున్నది.

దేవుడు కోరుచున్నాడనుట తప్పు కాదు. ఆయన కోరువాడే. ఆయన రాయి కాడు. అయితే "దానిని" అనగా దేనిని? ఆ మాట ఖాళీ పాత్ర వంటిది. ఎవడు ఏది పోసిన అది పట్టును. క్లెర్మోనులో దానిలో పోసినది యెరూషలేము యాత్ర. 1096లో రైను నది తీరమున కొన్ని మూకలు దానిలో వేరొకటి పోసినవి. వర్ములోను, మైంజులోను, ఇతర పట్టణములలోను ఏ యుద్ధమును చేయని యూదులను, స్త్రీలను, బిడ్డలను చంపిరి. స్పయిరు పట్టణపు బిషపుగారు తన ఊరి యూదులలో అనేకులను కాపాడగలిగిరి; ఆయనయు క్రైస్తవుడే, చంపినవారును సిలువగుర్తు ధరించినవారే. 1099 జూలై 15వ తేదీన యెరూషలేము పట్టుబడినప్పుడు ముస్లిములును యూదులును విస్తారముగా చంపబడిరి. రక్తము చిందించిన అదే దినమున సైనికులు ప్రభువు సమాధి మందిరమునకు పోయి ఆనందబాష్పములతో ప్రార్థించిరి.

వారు వేషధారులని చెప్పి తప్పించుకొనుట మనకు సులభము. కాని అది న్యాయము కాదు. వారిలో అనేకులు భూములు తాకట్టుపెట్టి, భార్యాబిడ్డలను విడిచి, దారిలో ఆకలితోను తెగులుతోను చనిపోయిరి. గుడ్డతో సిలువ కత్తిరించి భుజముమీద కుట్టుకొనిరి. వారి భక్తి నిజమే. మనలను కలవరపరచవలసినది అదియే. భక్తి నిజమైనంత మాత్రమున "దానిని" అను పాత్రలో పోసినది దేవునిదని రుజువు కాదు. వేలమంది ఏకకంఠముతో పలికినంత మాత్రమునను రుజువు కాదు. సిలువ వేయుమని కేకవేసినవారును ఏకకంఠముతోనే వేసిరి.

ఇప్పుడు మత్తయి 18వ అధ్యాయమునకు మరల వత్తము. ఇద్దరు ముగ్గురు కూడినచోట అను వాగ్దానము ఏ సందర్భమున చెప్పబడెను? తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుట, తప్పుచేసిన సహోదరునియొద్దకు ఒంటరిగా పోయి అతని సంపాదించుకొనుట, ఇవి చెప్పిన తరువాత ప్రభువు ఆ మాట చెప్పెను. వెంటనే పేతురు ఎన్నిమారులు క్షమింపవలెనని అడిగెను. కూడుట సమాధానము కొరకు. కాని ఆ వాక్యమును యుద్ధనినాదమునకు ముద్రగా వేసిరి. అదే అధ్యాయము 14వ వచనమును చూడుడి. దేవుని చిత్తము ఏదో అక్కడ ప్రభువు స్పష్టముగా చెప్పుచున్నాడు: ఈ చిన్నవారిలో ఒక్కరైనను నశించుట పరలోకపు తండ్రికి చిత్తము కాదు. ఇరువదవ వచనము చదివినవారు ఆరు వచనములు పైకి చూచియుండిన, "దానిని" అను ఖాళీ పాత్ర అప్పటికే నిండియున్నదని కనుగొనియుందురు.

4. యెరూషలేమునకు మరియొక ప్రయాణము

పరిశుద్ధ గ్రంథములోను యెరూషలేమునకు పోవు ఒక ప్రయాణమున్నది. అక్కడను దేవుని చిత్తమను మాట పలుకబడినది. పౌలు కైసరయలో ఫిలిప్పు ఇంట దిగియుండగా, అగబు అను ప్రవక్త వచ్చి పౌలు నడికట్టుతో తన చేతులు కాళ్ళు కట్టుకొని, యెరూషలేములో పౌలునకు సంభవింపబోవునది చూపెను. విశ్వాసులు పోవద్దని ఏడ్చిరి. పౌలు తాను బంధింపబడుటకే గాక చనిపోవుటకును సిద్ధమని చెప్పెను. అతడు ఒప్పుకొననందున వారు ప్రభువు చిత్తము జరుగవలెనని చెప్పి ఊరకుండిరి.

రెండు ప్రయాణములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. ఊరు ఒకటే. మాటయు ఇంచుమించు ఒకటే. పౌలు బంధింపబడుటకు పోయెను. వారు బంధించుటకు పోయిరి. కైసరయవారు ఆ మాటను తమకు ఇష్టము లేనిదానిని గూర్చి కన్నీటితో చెప్పిరి; క్లెర్మోనువారు తమకు ఇష్టమైనదానిని గూర్చి ఉత్సాహముతో చెప్పిరి. అక్కడ ఆ మాట తరువాత మౌనము. ఇక్కడ ఆ మాట తరువాత కత్తుల చప్పుడు.

వ్యాకరణములోను భేదమున్నది. కేక "కోరుచున్నాడు" అనుచున్నది. అది తీర్పు, ఇక విచారణ లేదు. ప్రార్థన "నెరవేరును గాక" అనుచున్నది. అది మనవి, చేతులు ఇంకను చాచియే యున్నవి. ఫ్రెంచివారు ప్రభువు ప్రార్థనలో చిత్తమునకు వాడు "వొలొంతె" అను మాటయు, ఆ కేకలోని "వో" అను క్రియయు ఒకే ధాతువునుండి పుట్టినవే. ఒకే ధాతువు, ఒకే దేశము. ఒకటి మోకాళ్ళమీద పలికినది, మరియొకటి జీనుమీద పలికినది. గెత్సేమనే తోటలో మన ప్రభువు తన ఇష్టమును ప్రక్కనపెట్టి తండ్రి చిత్తమును అడిగెను. పేతురు కత్తి దూసినప్పుడు దానిని ఒరలో పెట్టుమనెను. ఆ రెండును ఒకే రాత్రి జరిగినవి.

5. మన ప్రాంతములో

ఫ్రెంచి భాష మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 18వ శతాబ్దపు తొలి దినములలో ఫ్రెంచి జెస్యూటు గురువులు పుంగనూరు ప్రాంతమునకు వచ్చి తెలుగు నేర్చుకొనిరి. వారిలో కేర్దు గారు 1732లో ఇండియాకు వచ్చి, తెలుగు దేశమున సేవచేసి, తెలుగు ఫ్రెంచి సంస్కృత నిఘంటువును కూర్చిరి. అదే శతాబ్దమున ఫ్రెంచి ఫిరంగులును ఆర్కాటు సీమకు వచ్చినవి. 1749లో ఆంబూరు యుద్ధమున ఫ్రెంచి సేన పాల్గొనెను. 1782 డిశంబరులో చిత్తూరు సమీపమున చనిపోయిన హైదరు ఆలీ కొలువులోను ఫ్రెంచి సైనికులుండిరి. ఫిరంగులు పోయినవి. వాటివలన మనకు ఒక్క మంచి మాటయు మిగులలేదు. ఒక గురువు ఒక్కొక్క తెలుగు మాటను అడిగి తెలిసికొని వ్రాసిన నిఘంటువు ఇంకను పండితులకు పనికివచ్చుచున్నది.

మన ప్రక్కనున్న తిరుపతి లూథరను సహోదరుల చరిత్రయు జ్ఞాపకము చేసికొందము. వారికి సువార్త తెచ్చినవారు జర్మనీలోని హెర్మన్స్‌బుర్గు మిషనువారు. 1914లో యుద్ధము వచ్చినప్పుడు జర్మను సైనికుల నడికట్టు బిళ్ళమీద "గాట్ మిట్ ఉన్స్" అని చెక్కియుండెను. దేవుడు మనకు తోడు అని అర్థము. అది ఇమ్మానుయేలు అను నామమే గదా! పశువుల తొట్టిలో పండుకొన్న శిశువు పేరును తుపాకి పట్టినవాని నడుమునకు కట్టిరి. ఆ యుద్ధకాలమున జర్మను మిషనెరీలు శత్రుదేశస్థులని ఇక్కడనుండి తొలగింపబడిరి. పని అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. కాపరులను కోల్పోయినది మాత్రము తెలుగు మంద.

ఇదే కాలమున, 20వ శతాబ్దపు రెండవ దశాబ్దమున, మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో వేరువేరు మిషనులు చేయికలిపి క్షయరోగులకు ఆసుపత్రి నడుపసాగినవి. డాక్టరు ఫ్రిమోట్ మోల్లరు గారు దానిని అనేక సంవత్సరములు నడిపిరి. ఇంటివారే దూరముగా పెట్టిన రోగులు అక్కడ మంచము, పాలు, మంచి గాలి పొందిరి. అక్కడ ఎవరును కేక వేయలేదు. కాని ఈ చిన్నవారిలో ఒక్కరైనను నశింపకూడదను మాట అక్కడ చదువవచ్చును.

6. మన నోట ఈ మాట

ఇంతవరకు దూరపు సంగతులు. ఇప్పుడు మన ఇండ్లకు వత్తము. మన సంఘములలో "దేవుని చిత్తము" అను మాట దినమునకు ఎన్నిమారులు వినబడుచున్నది?

పెండ్లి సంబంధము తిరుగగొట్టుటకు కారణము కట్నమో కులమో యైయుండగా, "ప్రార్థించితిమి, దేవుని చిత్తము కాలేదు" అని చెప్పువారున్నారు. ఆ బిడ్డ మనస్సున ఏమనుకొనును? తనను త్రోసివేసినవాడు దేవుడే యనుకొనదా? పాస్టరేటు ఎన్నికలలో ఒక వర్గము, మేము గెలుచుట దేవుని చిత్తము అనును. ఎదుటి వర్గమును అదే అనును. సంఘపు ఆస్తిమీద కోర్టుకు పోవుచు ఇరుపక్షములవారు ఉపవాస ప్రార్థన పెట్టుకొందురు. ఇవన్నియు చిన్నచిన్న క్లెర్మోనులే. కత్తులు మాత్రము లేవు.

అన్నిటికంటె బాధాకరమైనది మరణము జరిగిన ఇంట వినబడును. త్రాగి బండి నడిపినవాని వలన ఒక కుమారుడు పోవును. సమయమునకు వైద్యము అందక ఒక పసిబిడ్డ పోవును. ఓదార్ప వచ్చినవారు తల్లి ప్రక్కన కూర్చుండి, "ఏడ్వకమ్మా, దేవుని చిత్తము" అందురు. ప్రేమతోనే అందురు. అయితే మనుష్యుని నిర్లక్ష్యమును దేవుని లెక్కలో వ్రాయుటకు మనకు ఎవరు అధికారమిచ్చిరి? లాజరు సమాధియొద్ద ప్రభువు ఆ మాట చెప్పలేదు, కన్నీరు విడిచెను. ఆ తల్లి తానే ఒకనాడు మోకరించి ఆ మాట చెప్పుకొనవచ్చును. అది ఆమె హక్కు. ఆమె తరఫున మనము చెప్పరాదు.

మరి ఈ మాటను మానివేయుదుమా? మానరాదు. మన ముస్లిము పొరుగువారు రేపటి పనిని గూర్చి చెప్పునప్పుడు "ఇన్షా అల్లా" అందురు. దేవుడు చిత్తగించిన యెడల అని భావము. యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయమును మనకు అదే నేర్పుచున్నది. ఆ "యెడల" అను మాట మనలను కాపాడును. కాబట్టి మూడు సంగతులు మీ యెదుట పెట్టుచున్నాము.

ఒకటి: ఆ మాటను ఎదుటివాని మీద వేయక, మన మీద వేసికొందము. దాని వెల ఎవరు చెల్లించుచున్నారని అడుగుదము. వెల ఎదుటివానిదే, లాభము మనదే యైన యెడల, అది దేవుని చిత్తమని చెప్పుటకు తొందరపడకుందము.

రెండు: దేవుడు ఇదివరకే బయలుపరచినదానితో సరిచూతము. మన పరిశుద్ధత ఆయన చిత్తమని థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4:3లో ఉన్నది. న్యాయము, కనికరము, దీనమనస్సు ఆయన అడుగుచున్నాడని మీకా 6:8లో ఉన్నది. మనుష్యులందరు రక్షణ పొందవలెనని ఆయన కోరుచున్నాడని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2:4లో ఉన్నది. "దానిని" అనగా దేనిని అని ఎవరైన అడిగిన యెడల, మనము చూపవలసినవి ఇవి.

మూడు: మెల్లగా చెప్పగలమా అని పరీక్షించుకొందము. గుంపులో గట్టిగా మాత్రమే చెప్పగలిగి, ఒంటరిగా మోకాళ్ళమీద చెప్పలేని మాట యైన యెడల, అది ప్రార్థన కాదు, కేక.

ప్రియులారా, 2000వ సంవత్సరము మార్చి 12వ తేదీన రోములో రెండవ జాన్ పాల్ పోపుగారు, సత్యమునకు సేవ యను పేరిట సంఘస్థులు చేసిన బలాత్కారముల కొరకు బహిరంగముగా దేవుని క్షమాపణ వేడిరి. క్లెర్మోను కేకకు తొమ్మిది వందల ఏండ్ల తరువాత పోపు పీఠమునుండియే ఆ మనవి వినబడెను. కేక ఒక్క క్షణములో పుట్టును; దానిని తిరిగి ప్రార్థనగా మార్చుటకు తరములు పట్టును.

మన సంఘము రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్నది. మన పిల్లలకు గుడులను, భూములను అప్పగింతుము. వాటితోపాటు ఈ ఒక్క మాటను శుభ్రముగా అప్పగింతము. దేవుడు మన పక్షమున నున్నాడని చాటుటకు గాక, ఆయన పిలిచినప్పుడు లేచి నిలిచి, "చిత్తము, ప్రభువా" అని ప్రత్యుత్తరమిచ్చుటకు ఆ మాట వారి నోట నుండును గాక. శాంతికర్తయగు దేవుడు మీకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.